మూడు ఆల్పాకాలు, ఎకరం పచ్చిక, మధ్యలో ఒక కంచె

ఇంగ్లండ్ పల్లెల్లో పాత ఇల్లు కొంటే చాలాసార్లు దాంతోపాటు పెద్ద తోట, తోట వెనక ఒకటి రెండు ఎకరాల పచ్చిక కూడా చేతికొస్తాయి. తోట ఏం చేసుకోవాలో కొన్నవాళ్లకు తెలుసు. చిక్కంతా పచ్చికతోనే. కోయించకపోతే కలుపెక్కి పోతుంది. ఆవులను చూసుకునే ఓపిక అందరికీ ఉండదు, గుర్రం ఖర్చు అందరూ భరించలేరు. అప్పుడు ఎవరో ఒకరు ఆల్పాకాల మాట ఎత్తుతారు. "రెండు మూడు తెచ్చుకోండి, గడ్డి అవే మేస్తాయి, తోటకు ఎరువూ దొరుకుతుంది" అంటారు. అక్కడ స్థిరపడి ఊరి బయటి ఇంటికి మారిన మన తెలుగు కుటుంబాలకైనా ఈ సలహా ఎదురుకావచ్చు. అందులో సగం నిజం ఉంది. ఆ సగమేదో లెక్కలు వేసుకుంటూ తేల్చుకుందాం.

ఇంతకీ ఏమిటీ జంతువు?

ఆల్పాకా ఒంటె కుటుంబానికి చెందినది. సొంత ఊరు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. సముద్రమట్టానికి 3,500 నుంచి 5,000 మీటర్ల ఎత్తులో, చలిగాలి, తీక్షణమైన ఎండ కలిసి ఉండే పీఠభూముల్లో బతుకుతుంది. వికూన్యా అనే అడవి జంతువును అక్కడివాళ్లు దాదాపు 6,000 ఏళ్ల క్రితం మచ్చిక చేసుకోగా ఇది వచ్చింది. ఇప్పటికీ ప్రపంచంలోని ఆల్పాకాల్లో ఎక్కువ భాగం పెరూలోనే ఉన్నాయి.

పెద్దది 55 నుంచి 85 కిలోలు తూగుతుంది, అంటే ఒక మనిషి బరువు. భుజం దగ్గర ఎత్తు మీటరుకు కాస్త తక్కువ. లామా దీనికి చుట్టమే కానీ బరువు రెట్టింపు దాకా ఉంటుంది. ఆల్పాకాల్లో రెండు రకాలున్నాయి. ఒళ్లంతా గుబురుగా, ఉంగరాల బొచ్చుతో ఉండేది వకాయా, సన్నని జడల్లా బొచ్చు కిందికి వేలాడేది సూరీ. పదింట తొమ్మిది వకాయాలే. పెంపకానికి కొనేవాళ్లకు ఎక్కువగా దొరికేవీ అవే.

ఇంగ్లండుకు ముందు వచ్చింది జంతువు కాదు, దాని ఉన్ని. 1836 ప్రాంతంలో టైటస్ సాల్ట్ అనే మిల్లు యజమాని లివర్‌పూల్ రేవులో ఎవరూ కొనని ఆల్పాకా ఉన్ని మూటలు చూశాడు. ఆ ఉన్నితో నేసిన గుడ్డే అతన్ని కోటీశ్వరుణ్ని చేసింది. యార్క్‌షైర్‌లో అతను కట్టించిన సాల్టైర్ మిల్లు 1853లో మొదలైంది. 2001 నుంచి ఆ ఊరు యునెస్కో వారసత్వ స్థలం. పల్లె ఇళ్లలో సరదాగా పెంచుకోవడం మాత్రం ఇటీవలి అలవాటు. పెంపకందారుల సంఘం బ్రిటిష్ ఆల్పాకా సొసైటీ పుట్టిందే 1996లో.

ఒక్కటి చాలదా?

చాలదు. ఇది మంద జంతువు. ఒంటరిగా ఉంచితే దిగులుతో మేత మానేసి చిక్కిపోతుంది. రెండు కనీసం, మూడు మేలు. రెండింటిలో ఒకటి చనిపోతే మిగిలినదానికి ఆ రోజే తోడు వెతకాలి. మూడుంటే ఆ తొందర ఉండదు. ఈ కథనంలోని లెక్కలన్నీ అందుకే మూడింటికి వేశాం.

ఆడవా, మగవా? పిల్లలు వద్దనుకుంటే విత్తులు కొట్టించిన మగవి మంచివి. ధర తక్కువ, నెమ్మదిగా ఉంటాయి. విత్తులు కొట్టించని మగవాటిని ఆడవాటితో కలిపి వదిలితే అవి ఆడవాటిని గాయపరుస్తాయి. పిల్లలు కావాలంటే వేచి చూడటానికి సిద్ధపడాలి. చూలు పదకొండున్నర నెలలు, పుట్టేది ఒక్కటే, కవలలు చాలా అరుదు.

సీసాతో పాలు పట్టి పెంచిన మగ పిల్ల ముద్దుగా ఉంటుంది కదా అంటారు. దాన్ని మాత్రం కొనకండి. మనుషుల మధ్యే పెరిగినది పెద్దయ్యాక మనిషిని సాటి మగ ఆల్పాకా అనుకుంటుంది, పోటీకి వచ్చి ఛాతీతో గుద్దుతుంది. తల్లి దగ్గర, మందలో పెరిగినదే మనుషుల దగ్గర మర్యాదగా మసలుతుంది. మీదికి ఉమ్ముతుందని కూడా చాలామంది భయపడతారు. ఉమ్మే మాట నిజమే. కానీ ఎక్కువగా మేత దగ్గర ఒకదానిపై ఒకటి ఉమ్ముకుంటాయి.

ఎంత నేల కావాలి?

ఇంగ్లండ్ పచ్చికల్లో ఎకరానికి నాలుగు నుంచి ఆరు ఆల్పాకాలను మేపవచ్చు. ఐదనుకుంటే తలా 20 సెంట్లు, తెలంగాణ లెక్కలో 8 గుంటలు. మూడింటికి 60 సెంట్లు వస్తుంది. అయినా ఎకరం పెట్టుకోమనే చెబుతారు. కారణం ఆకలి కాదు, నట్టలు. పేగుల్లో పెరిగే ఈ పురుగుల గుడ్లు పేడతో నేల మీద పడతాయి, వాటి పిల్లలు గడ్డి కొసలెక్కి మళ్లీ కడుపులోకి చేరతాయి. పచ్చికను రెండు మడులుగా చేసి ఒకదాన్ని మేపుతూ రెండోదాన్ని వదిలేస్తే ఈ చక్రం బలహీనపడుతుంది.

మరి గడ్డి కోసే పని తప్పుతుందా? ఇక్కడే సలహాలోని మొదటి సగం తప్పుతుంది. ఆల్పాకా రోజుకు తన బరువులో 1.5 నుంచి 2 శాతం పొడి పదార్థం తింటుంది. పొడి పదార్థం అంటే మేతలోని నీరంతా తీసేస్తే మిగిలేది. 65 కిలోల జంతువుకు అది దాదాపు 1.2 కిలోలు. పచ్చిగడ్డిలో ఐదింట నాలుగు వంతులు నీరే కాబట్టి, తూకంలో ఆరు కిలోల పచ్చిగడ్డి అవుతుంది. మూడూ కలిసి రోజుకు 18 కిలోలు. మే నెలలో ఎకరం పచ్చిక రోజూ పెరిగే గడ్డి అంతకు కొన్ని రెట్లుంటుంది. పైగా అవి పేడ వేసే చోట మేయవు, అక్కడ గడ్డి ముదిరి నిలబడుతుంది. కోత యంత్రానికి పని తగ్గుతుంది కానీ పోదు.

పచ్చిక పాడవుతుందేమోనన్న భయం మాత్రం అక్కర్లేదు. ఆల్పాకాకు గట్టి గిట్ట ఉండదు. పాదానికి రెండు వేళ్లు, వాటి కింద మెత్తటి దిండు. వానాకాలపు నేలను గుర్రం తొక్కినట్టు తొక్కదు. పై దవడ ముందు భాగంలో పళ్లకు బదులు ఆవుకున్నట్టే గట్టి చిగురుంటుంది. గడ్డిని ఆ చిగురుకూ కింది పళ్లకూ మధ్య పట్టి తెంపుతుంది, వేళ్లతో సహా పీకదు.

చలికాలం సంగతి?

నవంబరు నుంచి మార్చి దాకా ఇంగ్లండులో గడ్డి దాదాపు పెరగదు. ఈ 150 రోజులూ ఎండుగడ్డితోనే గడపాలనుకుని లెక్కేద్దాం. ఎండుగడ్డిలోనూ కొంత తేమ ఉంటుంది కాబట్టి తలా 1.4 కిలోలు, మూడింటికి రోజుకు 4.2 కిలోలు. మొత్తం 630 కిలోలు, అంటే 25 కిలోల బియ్యం బస్తాలు పాతిక పేర్చినంత బరువు. 20 కిలోల చిన్న మోపులైతే 32. పచ్చికలో కాస్తయినా గడ్డి మిగిలి ఉంటుంది కాబట్టి ఇది పై హద్దు. వీటిని తడవకుండా దాచేందుకు కొట్టం ఉందా లేదా అన్నది వేసవిలోనే చూసుకోవాలి. బూజు పట్టిన గడ్డి పెట్టకూడదు.

జంతువులకు మూడు వైపులా గోడలున్న చిన్న పాక చాలు. చలికి తట్టుకుంటాయి. తట్టుకోలేనిది చలితో కలిసిన వాన, గాలి. తాగే నీళ్లు మామూలు రోజుల్లో తలా మూడు నుంచి ఐదు లీటర్లు. గడ్డకట్టే ఉదయాల్లో తొట్టిలోని మంచు పగలగొట్టడం మీ పనే.

కంచె దేనికి, ఎంత?

చదరంగా ఉన్న ఎకరానికి ఒక్కో పక్క 64 మీటర్లు, చుట్టుకొలత దాదాపు 255 మీటర్లు. రెండు మడులుగా చేసేందుకు మధ్యలో మరో 64. మొత్తం 320 మీటర్ల లోపు. మూడు మీటర్లకొక గుంజ చొప్పున నూటికి పైగా గుంజలు కావాలి. చాలా ఇళ్లలో జంతువుల కంటే దీనికే ఎక్కువ డబ్బవుతుంది.

ఎత్తు 1.2 మీటర్లు, అంటే నాలుగడుగులు చాలు. ఆల్పాకాలు దూకి పారిపోయే రకం కాదు. ముళ్ల తీగ వాడకూడదు, బొచ్చు చిక్కుకుంటుంది, చర్మం చీరుతుంది. కరెంటు తీగ పనికిరాదు, అంత బొచ్చులోంచి షాక్ సరిగా తగలదు. బయటి కంచె ముఖ్యంగా పట్టు తప్పిన పెంపుడు కుక్కలను ఆపడానికి. నక్కను ఆల్పాకా తరమగలదు. అందుకే కొందరు వాటిని కోళ్లకు కాపలాగా పెడతారు. రెండు కుక్కలు కలిసి పడితే మాత్రం అది నిలవలేదు.

లోపలి కంచె, అంటే తోటకూ పచ్చికకూ మధ్యది, ఇంకా ముఖ్యం. తోట, ఆల్పాకాలు మంచి ఇరుగుపొరుగు, ఒకే ఇంట్లో మాత్రం ఇమడవు. గులాబీ చిగుళ్లు, ఆపిల్ కొమ్మలు, కూరమొక్కలు దేన్నీ అవి వదలవు. అంతకంటే పెద్ద ప్రమాదం అటువైపుది. తోట వాటిని చంపగలదు.

తోటలో విషం ఎక్కడుంది?

ఇంగ్లండ్ తోటలకు అందం తెచ్చే పేర్లే ఈ జాబితాలోనూ ముందుంటాయి. రోడోడెండ్రాన్, అజేలియా ఆకుల్లో గ్రేయనోటాక్సిన్ అనే విషం ఉంటుంది, అది గుండెనూ నరాలనూ దెబ్బతీస్తుంది. తిన్న జంతువు నురుగు కక్కుతుంది, పచ్చటి చొంగ కారుస్తుంది, నిలబడలేదు. చర్చి ఆవరణల్లో కనిపించే యూ చెట్టు మరీ ఘోరం, కొన్ని గుప్పిళ్ల ఆకు గుండెను ఆపేస్తుంది. లారెల్ ఆకులు నలిగితే సైనైడ్ పుడుతుంది. ఫాక్స్‌గ్లవ్, లాబర్నమ్ కూడా వద్దు. కుండీల్లో పెంచే గన్నేరు సంగతి మన పల్లెల్లో మేకలు కాసేవాళ్లెవరినడిగినా చెబుతారు, ఆల్పాకాకూ అది అంతే విషం.

పచ్చికలోనే మొలిచేది మరొకటుంది, పసుపు పూల రాగ్‌వర్ట్. దీని విషం కాలేయాన్ని కొద్దికొద్దిగా పాడుచేస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడు చేదు కాబట్టి జంతువులు సాధారణంగా ముట్టవు. ఎండితే చేదు తగ్గుతుంది, విషం తగ్గదు. ఎండుగడ్డిలో కలిస్తే ఏరి పక్కన పెట్టకుండా తినేస్తాయి. పీకి అక్కడే పడేయడం కూడా తప్పే, పచ్చిక నుంచి తీసేయాలి.

"మా జంతువులు కంచె దాటవు కదా, ఇంక భయమెందుకు?" అంటారా? అవి దాటకపోయినా మెడ దాటుతుంది. ఈ మొక్కలు కంచెకు కనీసం రెండు మీటర్ల ఎడంగా ఉండాలి. దానికంటే తరచుగా జరిగేది ఇంకొకటి. పొదలు కత్తిరించిన రోజు ఇంట్లోవాళ్లో పొరుగువాళ్లో ఆ కొమ్మలను ప్రేమగా కంచె మీంచి అటు వేస్తారు. కోసి కుప్పేసిన లాన్ గడ్డి కూడా వేయకూడదు, వేడెక్కి పులిసి కడుపు ఉబ్బిస్తుంది. తోటలోంచి పచ్చికలోకి ఏ ఆకూ వెళ్లకూడదన్నది ఇంట్లో అందరికీ, ముఖ్యంగా అతిథులకు, చెప్పి పెట్టాల్సిన నియమం.

మరి ఎరువు?

సలహాలోని నిజమైన సగం ఇదే. తిన్న 1.2 కిలోల పొడి పదార్థంలో అరగకుండా బయటికొచ్చేది సుమారు 40 శాతం. మూడింటికి ఏడాదికి లెక్కేస్తే ఐదు వందల కిలోల పైమాట. తేమతో కలిపితే దాదాపు టన్ను. పెంటికలు మేకవాటిలా చిన్నగా, గుండ్రంగా ఉంటాయి. సౌకర్యమేమిటంటే, ఆల్పాకాలు ఎక్కడపడితే అక్కడ వేయవు. మందంతా ఒకటి రెండు చోట్లకే వెళుతుంది. పార, చక్రాల బండి ఉంటే పది నిమిషాల పని. నట్టలను అదుపులో పెట్టేదీ ఈ ఎత్తివేతే కాబట్టి తోటకూ జంతువుకూ ఒకేసారి మేలు.

ఈ ఎరువులో వేడి తక్కువ, పూల మొక్కల మొదట్లో నేరుగా వేసినా వేళ్లు మాడవు. పచ్చిగా తినే కూరగాయలకైతే కొన్ని నెలలు మాగనిచ్చి వేయాలి.

ఒక్క ప్రమాదం మాత్రం చాలామందికి తెలియదు. గడ్డి భూముల్లో వెడల్పాకు కలుపును చంపడానికి అమినోపైరాలిడ్ అనే మందు చల్లుతారు. అది గడ్డిని ఏమీ చేయదు, తిన్న జంతువుకూ హాని ఉండదు. కానీ కడుపులో కరగకుండా పెంటికల్లోకి వచ్చేస్తుంది. ఆ ఎరువు వేసిన టమాటా, చిక్కుడు, బఠాణీ, బంగాళాదుంప ఆకులు ముడుచుకుపోతాయి. బ్రిటన్‌లో ఎంతోమంది తోటలు ఇలా పాడవడంతో 2008లో ఈ మందు అమ్మకాన్ని కొంతకాలం ఆపారు. ఇప్పుడు షరతులతో వాడుతున్నారు. అందుకే ఎండుగడ్డి కొనేటప్పుడు ఏం చల్లారో అడగాలి. అనుమానముంటే ఒక కుండీలో ఆ ఎరువు కలిపిన మట్టిలో, ఇంకో కుండీలో మామూలు మట్టిలో చిక్కుడు గింజలు నాటి చూడండి. మొలకల తేడాయే జవాబు.

డాక్టరుతో ఎంత పని?

మొదటిది ఎండ. ఆండీస్‌లో భూమధ్యరేఖకు దగ్గరగా, నాలుగు వేల మీటర్ల ఎత్తున దొరికే ఎండ 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటాక దొరకదు. అక్టోబరు నుంచి మార్చి దాకా ఆల్పాకా చర్మం సరిపడా విటమిన్ డి తయారుచేసుకోలేదు. పెరిగే పిల్లల కాళ్లు వంకర తిరుగుతాయి. అందుకే ఆ నెలల్లో డాక్టరు చెప్పిన మోతాదులో నాలుగు నుంచి ఎనిమిది వారాలకొకసారి విటమిన్ పేస్టో ఇంజెక్షనో ఇవ్వాలి.

రెండోది నట్టలు. మన గొర్రెలకు తాగించినట్టు తేదీ చూసి మందు పోయడం కంటే పెంటికలను ల్యాబుకు పంపి గుడ్లు లెక్కించి, అవసరమైతేనే ఇవ్వడం మంచిది. అనవసరంగా ఇస్తే పురుగులు మందుకు లొంగకుండా పోతాయి. నేల చిత్తడిగా ఉంటే నత్తల ద్వారా కార్జపు జలగ కూడా వస్తుంది. చిటుకు రోగం, ధనుర్వాతం వంటివాటికి టీకా ఉంది. గోళ్లు రెండు మూడు నెలలకొకసారి కత్తిరించాలి. 12 కాళ్లు, కాలికి రెండు, మొత్తం 24 గోళ్లు. ఆల్పాకా జబ్బును దాచుకుంటుంది, బొచ్చు చిక్కిన ఒంటిని దాచేస్తుంది. చూపుతో కాకుండా వెన్ను మీద చెయ్యి వేసి తడిమి, వీలైతే నెలకోసారి తూచి తెలుసుకోవాలి.

మూడోది ఆవుల టీబీ. నైరుతి ఇంగ్లండులో ఇది ఎక్కువ. ఆవులు, బ్యాడ్జర్ అనే అడవి జంతువుల నుంచి ఆల్పాకాకు సోకుతుంది. ఆవులకు చేసే చర్మ పరీక్ష దీనిలో జబ్బును సరిగా పట్టుకోలేదు, రక్తపరీక్షలు అవసరమవుతాయి. 2017లో న్యూజిలాండ్ నుంచి గ్లాస్టర్‌షైర్‌కు వచ్చిన జెరోనిమో అనే ఆల్పాకాకు రెండుసార్లు పాజిటివ్ వచ్చింది. పరీక్ష తప్పని యజమాని, చంపాల్సిందేనని ప్రభుత్వం నాలుగేళ్లు పోరాడాక, 2021 ఆగస్టు 31న దాన్ని చంపేశారు. తర్వాత దాని నమూనాల నుంచి టీబీ బ్యాక్టీరియాను పెంచి చూపలేకపోయారు. ఇందులో కొనేవాళ్లకు పనికొచ్చే పాఠం ఒకటే: పరీక్షలు చేయించుకుంటూ ఉన్న మంద నుంచే కొనండి, నీటి తొట్టెలు బ్యాడ్జర్లకు అందనంత ఎత్తున పెట్టండి.

ఉన్ని అమ్మితే ఖర్చులు వస్తాయా?

రావు. ఏడాదికొకసారి, మే జూన్ నెలల్లో బొచ్చు తీయించాలి. ఇది ఆదాయం కోసం కాదు, ఎండాకాలంలో వడదెబ్బ తగలకుండా. తలా రెండు మూడు కిలోలు, మూడింటికి ఆరు నుంచి తొమ్మిది. ఇందులో వీపు, పక్కల బొచ్చే మేలురకం. ఏరి, కడిగి, వడికాక రెండు కిలోల నూలు మిగిలితే అరకిలో చొప్పున నాలుగు స్వెట్టర్లు. నాణ్యత మైక్రాన్లలో కొలుస్తారు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మంచి పోగు 20 దగ్గర ఉంటుంది, 30 దాటితే ఒంటికి గుచ్చుకుంటుంది. జంతువు ముదిరేకొద్దీ పోగు లావవుతుంది. కాళ్ల మీది ముతక బొచ్చు వృథా కాదు, మొక్కల మొదట్లో పరిస్తే తేమను నిలుపుతుంది.

మొత్తం మీద ఎంత?

విత్తులు కొట్టించిన మగది సాధారణంగా 500 నుంచి 1,000 పౌండ్లు. మూడింటికి 1,500 నుంచి 3,000. పౌండుకు 110 రూపాయల చొప్పున చూస్తే 1.65 లక్షల నుంచి 3.3 లక్షలు. ఇది ఒకసారి పెట్టేది. సమయం రోజూ పెట్టేది. మేత, నీళ్లు, పెంటికలు, ఒకసారి కలియజూడటం కలిపి అరగంట అనుకుంటే ఏడాదికి 180 గంటలు దాటుతుంది. ఇండియాకు మూడు వారాలు వచ్చినా ఆ అరగంట ఎవరో ఒకరు పెట్టాలి. ఆల్పాకా ఆయుష్షు 15 నుంచి 20 ఏళ్లు. మీ యాభై ఏళ్ల వయసులో ఆల్పాకా పిల్లలను కొంటే డెబ్బై దాకా ఈ లెక్క నడుస్తుంది.

ఇది చదివి మన దగ్గర తోటలో పెంచుదామనుకునేవాళ్లకు ఒక మాట. పగలు 40 డిగ్రీలు దాటి రాత్రి కూడా 28కి దిగని మే నెల ఈ జంతువుకు హింస. ఆండీస్‌లో ఎండ ఎంత కాసినా రాత్రి చల్లబడుతుంది, దాని ఒళ్లు ఆ చల్లదనానికి అలవాటుపడింది. పైగా విదేశీ పశువును తేవాలంటే కేంద్ర పశుసంవర్ధక శాఖ అనుమతి, క్వారంటైన్ తప్పవు.

ఇంగ్లండులో ఎకరం పచ్చిక ఉన్నవాళ్లకు వరుస ఇది. ముందు తోటంతా తిరిగి విషపు మొక్కలు గుర్తించండి. తర్వాత రెండు కంచెలు వేయించండి. ఎండుగడ్డికి చోటు చూడండి. ఆల్పాకాలను చూసే డాక్టరు దగ్గర్లో ఉన్నారో లేదో కనుక్కోండి. మీరు ఊళ్లో లేనప్పుడు ఆ అరగంట పెట్టే మనిషిని మాట్లాడుకోండి. ఈ ఐదూ కుదిరాకే మంద దగ్గరికి వెళ్లి మూడింటిని ఎంచుకోండి. ఐదింటిలో ఒక్కటి కుదరకపోయినా పచ్చికను ఎండుగడ్డి కోసుకునే రైతుకు ఇచ్చి, తోటకు కావలసిన పెంటికలను ఆల్పాకాలున్న పొరుగువాళ్లను అడిగి తెచ్చుకోవడమే లాభం.